ఊళ్లు ఖాళీ అయిన దారుల్లో సైకిల్ ప్రయాణం

తూర్పు స్పెయిన్‌లో తెరువెల్ అనే ప్రావిన్సు ఉంది. దాదాపు 14,800 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో మన ఉమ్మడి నల్గొండ జిల్లా కంటే కాస్త పెద్దది. 2011 లెక్కల ప్రకారం నల్గొండలో సుమారు 35 లక్షల మంది ఉంటే, తెరువెల్ మొత్తం గాలించినా లక్షన్నర మంది లేరు. చదరపు కిలోమీటరుకు తొమ్మిది మంది చొప్పున పడతారు. వాయవ్యంగా ఉన్న సోరియా ప్రావిన్సు సంగతీ ఇంతే.

అయినా అక్కడ ఊరూరికీ తారు రోడ్డు ఉంది. కిలోమీటరు రాళ్లున్నాయి, వంతెనలున్నాయి, మలుపు మలుపుకీ హెచ్చరిక బోర్డులున్నాయి. లేనిదల్లా బండ్ల రద్దీ. సైకిల్ మీద వెళ్లేవాడికి టైరు రోడ్డును రాసుకునే చప్పుడు, పొలాల్లో పిట్టల కూతలు, తన ఊపిరి తనకే వినిపిస్తాయి. వెనక నుంచి ఏదైనా కారు వస్తుంటే ఎంతో దూరం నుంచే తెలిసిపోతుంది.

స్పెయిన్ పల్లెల్లో సైకిల్ తొక్కడం ఎందుకంత హాయి అని అడిగితే చాలామంది ఎండ పేరు చెబుతారు, కొండల పేరు చెబుతారు, వైన్ తోటల పేరు చెబుతారు. అవన్నీ నిజమే. కానీ అసలు జవాబు జనాభా లెక్కల్లో ఉంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి కాబట్టే రోడ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ రోడ్ల మీద సుఖపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. తెలిస్తే దారి ఎంచుకునే పద్ధతి మారుతుంది, ఆగే చోట్లు మారతాయి, వెళ్లే నెల కూడా మారుతుంది.

జనం ఎటు పోయారు

1950ల దాకా స్పెయిన్ లోపలి పీఠభూమి మీద సేద్యమంతా కంచరగాడిదలతోనూ మనుషుల రెక్కల కష్టంతోనూ సాగింది. తర్వాత ట్రాక్టర్లు, కోత యంత్రాలు వచ్చాయి. పదిమంది చేసే పని ఒకరితో తీరింది. 1959లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం ఆర్థిక విధానం మార్చి విదేశీ పెట్టుబడులకు తలుపులు తెరిచింది. మాడ్రిడ్, బార్సిలోనా, బిల్బావో, వలెన్సియా నగరాల చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. పల్లెల్లోని పడుచు జనం పెట్టే బేడా సర్దుకుని అటు కదిలారు. కొందరు ఫ్రాన్సుకూ జర్మనీకీ పోయారు. ఒక తరం తిరిగేసరికి ఊళ్లలో ముసలివాళ్లు మిగిలారు. పిల్లల్లేక బడి మూతపడింది. బడి పోయాక పిల్లలున్న కొద్దిమందీ వెళ్లిపోయారు.

ఆ తర్వాత రైలు పోయింది. నష్టాలొస్తున్నాయని 1985 జనవరి 1 నుంచి ప్రభుత్వం ఎన్నో పల్లె రైలు మార్గాలను ఒక్కసారిగా మూసేసింది. మరుసటి ఏడాది స్పెయిన్ యూరోపియన్ సముదాయంలో చేరింది. అక్కడి నుంచి వచ్చిన నిధులతో నాలుగు వరుసల పెద్ద రహదారులు వేశారు. లారీలు, దూరం పోయే కార్లు అటు మళ్లాయి. ఊళ్ల మీదుగా పోయే పాత రోడ్లు స్థానికులకే మిగిలాయి. ఆ స్థానికులేమో లేరు.

ఈనాడు స్పెయిన్‌లో 8,100కు పైగా మున్సిపాలిటీలు ఉంటే, వాటిలో దాదాపు ఐదు వేల చోట్ల వెయ్యి మంది కూడా లేరు. ఈ బాధను పల్లెవాళ్లు మౌనంగా భరించలేదు. 1999లో తెరువెల్ జనం 'తెరువెల్ ఉంది' అనే అర్థం వచ్చే 'తెరువెల్ ఎగ్జిస్తే' పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. రైలు కావాలి, ఆసుపత్రి కావాలి, మమ్మల్ని లెక్కలోకి తీసుకోండి అన్నది వాళ్ల గోడు. 2019 మార్చి 31న దేశం నలుమూలల నుంచీ పల్లెవాసులు మాడ్రిడ్ వీధుల్లోకి వచ్చి ఊరేగింపు తీశారు. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో తెరువెల్ ఉద్యమం తరఫున ఒకరు పార్లమెంటులో అడుగుపెట్టారు.

సైకిల్ పర్యాటకులు ఎక్కువగా పోయే చోట్లు వేరు. మయోర్కా దీవి, కతలూనియాలోని హిరోనా పట్టణం ప్రపంచ ప్రసిద్ధం. వసంతం వచ్చిందంటే అక్కడి రోడ్ల మీద సైకిళ్లు బారులు తీరతాయి. లోపలి పల్లెలకు అంతమంది పోరు. ఈ వ్యాసం ఆ లోపలి దారుల గురించి.

ఊళ్లు కొండెక్కిన కథ

స్పెయిన్ పటం మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఇరవై కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. తొక్కడం మొదలుపెట్టాక తెలుస్తుంది, రోడ్డు లోయలో పోతుంది, ఊరు మాత్రం గుట్ట నెత్తిన ఉంటుంది. చివరి కిలోమీటరు నిట్టనిలువు. దీని వెనక దాదాపు ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది.

711లో ఉత్తర ఆఫ్రికా నుంచి ముస్లిం సేనలు జలసంధి దాటి వచ్చి, కొద్ది ఏళ్లలోనే ద్వీపకల్పంలో చాలా భాగాన్ని గెలిచాయి. ఉత్తరాన మిగిలిన క్రైస్తవ రాజ్యాలు మెల్లగా కిందికి జరుగుతూ వచ్చాయి. పదో శతాబ్దంలో దువేరో నది సరిహద్దు. 1085లో తొలేదో పడింది, 1236లో కొర్దోబా, 1248లో సెవియ్యా. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు దక్షిణ మూలన గ్రనాదా రాజ్యం ఒక్కటే నిలిచింది. అది 1492 జనవరిలో లొంగిపోయింది. సరిహద్దు ఎక్కడెక్కడ ఆగిందో అక్కడల్లా కోటలు, బురుజులు, గుట్టల మీద ఊళ్లు వెలిశాయి. శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో చూడాలంటే ఎత్తు కావాలి మరి.

కాబట్టి స్పెయిన్ పల్లెల్లో సైకిల్ తొక్కడమంటే ఒక సరిహద్దు మీంచి ఇంకో సరిహద్దు మీదికి పోవడమే. ఏ ఎత్తు ఎందుకు ఎక్కుతున్నామో తెలిస్తే ఎక్కడంలో ఒక అర్థం కనిపిస్తుంది. వాలును శాతాల్లో చెబుతారు. 7 శాతం వాలు అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి ఏడు మీటర్లు పైకి ఎక్కుతాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి చిన్న గేరు వేసుకుని, తొందరపడకుండా, ఊపిరి లయ తప్పకుండా తొక్కితే ఆ వాలు సాధ్యమే. పది శాతం దాటితే మాత్రం సాధన ఉండాలి. బ్యాటరీ సాయంతో నడిచే సైకిళ్లు వచ్చాక ఈ కొండ ఊళ్లు అరవై దాటినవాళ్లకూ అందుబాటులోకి వచ్చాయి.

తెల్ల ఊళ్ల చుట్టూ

దక్షిణాన ఆందలూసియాలో, కాదిస్ ప్రావిన్సు కొండల్లో 'పువెబ్లోస్ బ్లాంకోస్' అనే తెల్ల ఊళ్లున్నాయి. గ్రనాదా రాజ్యపు చివరి సరిహద్దు ఇదే. ఇక్కడి ఊళ్ల పేర్ల చివర 'దె లా ఫ్రొంతేరా' అని తరచూ వినిపిస్తుంది, సరిహద్దు ఊరని అర్థం.

జహారా దె లా సియెర్రా ఊరు నీలాకుపచ్చ రంగు జలాశయం పక్కన ఒక రాతి గుట్టను పట్టుకుని ఉంటుంది. నెత్తిన కోట బురుజు. 1481 డిసెంబరులో గ్రనాదా సుల్తాను సేన రాత్రివేళ మెరుపుదాడి చేసి ఈ కోటను పట్టుకుంది. దానికి బదులు తీర్చుకునేందుకు కాస్తీయ క్రైస్తవ రాజ్యం మొదలుపెట్టిన యుద్ధం పదేళ్లు సాగి, చివరికి గ్రనాదా పతనంతో ముగిసింది. ఒక దేశపు చరిత్ర మలుపు తిరిగిన కోట కింద ఇప్పుడు నాలుగు కాఫీ బల్లలు, నారింజ చెట్లు ఉన్నాయి.

జహారా నుంచి గ్రజలేమాకు పోయే దారిలో పావురాల కనుమ, అంటే 'పువెర్తో దె లాస్ పలోమాస్' ఉంది. ఊరు దాటాక పన్నెండు కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఎక్కుడే. ఆరువందల మీటర్లకు పైగా పైకి పోవాలి. మొదట ఆలివ్ చెట్ల మధ్య నుంచి రోడ్డు వెళుతుంది. తర్వాత ఓక్ చెట్లు వస్తాయి. అవీ పలచబడ్డాక తెల్లటి సున్నపురాయి బయటపడుతుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ జలాశయం ఇంకాస్త చిన్నదై కనిపిస్తుంది. పైకి చేరాక తలెత్తి చూస్తే గాలిలో తేలుతున్న పెద్ద రాబందులు. ఒక్కోసారి అవి రోడ్డు కంటే కిందనే, లోయలో తిరుగుతుంటాయి. రెక్కల మీది గోధుమరంగు ఈకలు విడివిడిగా కనిపించేంత దగ్గరగా వస్తాయి.

కనుమ దిగితే గ్రజలేమా. అట్లాంటిక్ మహాసముద్రం నుంచి వచ్చే మబ్బులకు మొదట అడ్డం తగిలే ఎత్తైన కొండలు ఇవే కావడంతో స్పెయిన్‌లోనే అతి ఎక్కువ వానలు పడే చోట్లలో ఇది ఒకటైంది. ఏడాదికి సగటున 2,000 మిల్లీమీటర్ల దరిదాపుల్లో కురుస్తుంది. ఎండకు పేరుపడిన ఆందలూసియాలో ఇంత వాన పడటం వల్లనే 'పిన్సాపో' అనే అరుదైన ఫర్ జాతి చెట్టు ఇక్కడ బతికింది. యునెస్కో 1977లో ఈ కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ఉన్ని దుప్పట్లకు గ్రజలేమా ఒకప్పుడు పెట్టింది పేరు. ఆ నేత ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈ ఊళ్ల తెలుపు సున్నానిది. సున్నపురాయిని బట్టీలో రోజుల తరబడి కాల్చి, నీళ్లు పోసి విరిపించి, ఊరబెట్టి, ఏటా వేసవి రాకముందే గోడలకు వెల్ల వేస్తారు. సున్నం ఎండను వెనక్కి కొడుతుంది, పురుగును దరిచేరనివ్వదు. తరతరాలుగా పొర మీద పొర పడడంతో పాత ఇళ్ల గోడల మూలలు పదును పోయి గుండ్రంగా అయ్యాయి. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే ఆ మందం తెలుస్తుంది. ఈ ప్రాంతానికి దగ్గరలోని మొరోన్ దె లా ఫ్రొంతేరాలో సున్నపు బట్టీల పనితనాన్ని తిరిగి నిలబెట్టిన తీరును యునెస్కో 2011లో ఆదర్శప్రాయమైన పరిరక్షణగా నమోదు చేసింది.

గ్రజలేమా నుంచి తూర్పుకు తిరిగితే రోందా. అక్కడ 1793లో పూర్తయిన రాతి వంతెన దాదాపు వంద మీటర్ల లోతున్న చీలిక మీద నిలబడి ఊరి రెండు సగాలను కలుపుతుంది. ఉత్తరానికి పోతే సెతెనిల్ దె లాస్ బొదేగాస్. వాగు కోసిన రాతిగోడ కిందికే ఇళ్లు కట్టుకున్నారు. ఇంటి ముందుగోడ తెల్లగా ఉంటుంది, పైకప్పు మాత్రం కొండ కడుపు. ఎండవైపు వీధికి 'ఎండ గుహలు' అని, ఎదుటి వీధికి 'నీడ గుహలు' అని పేర్లు.

అక్కడి నుంచి ఒల్వేరా దగ్గరే. ఒల్వేరా నుంచి పువెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల పచ్చబాట ఉంది. రైలు కోసం 1920లలో మొదలుపెట్టిన మార్గమిది. ముప్పై సొరంగాలు తొలిచారు, వంతెనలు కట్టారు, స్టేషన్లు కట్టారు. పట్టాలు వేసి రైలు నడపడానికి మాత్రం ఎన్నడూ కుదరలేదు. దశాబ్దాల పాటు పిచ్చిమొక్కలు మొలిచిన ఆ దారే ఇప్పుడు సైకిళ్లకూ నడకకూ తెరిచి ఉంది. కొన్ని పాత స్టేషన్లు భోజనశాలలుగా, బసలుగా మారాయి. దారి మధ్యలో జఫ్రామగోన్ రాతికొండ మీద రాబందుల పెద్ద స్థావరం ఉంది. ఈ బాట తారు కాదు, గట్టిగా అణిచిన మట్టి. కాస్త వెడల్పు టైర్లుంటే మేలు. సొరంగాల్లోకి పోవాలి కనుక ముందు లైటు తప్పనిసరి.

ఎల్ సిద్ నడిచిన దారి

తెల్ల ఊళ్లకు పర్యాటకులు ఎంతో కొంత అలవాటే. ఉత్తరాన కాస్తీయ పీఠభూమి మీదికి వస్తే జనం ఇంకా పలచబడతారు. ఇక్కడి దారుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఎల్ సిద్ మార్గం.

ఎల్ సిద్ అసలు పేరు రొద్రీగో దీయాస్ దె వివార్, పదకొండో శతాబ్దపు యోధుడు. 1081లో రాజు ఆల్ఫోన్సో దేశబహిష్కారం విధిస్తే కత్తిని నమ్ముకుని బయల్దేరాడు. క్రైస్తవ రాజులకూ ముస్లిం పాలకులకూ పనిచేశాడు. 1094లో వలెన్సియాను గెలిచి, 1099లో అక్కడే చనిపోయాడు. సుమారు వందేళ్ల తర్వాత అతని మీద పుట్టిన వీరగాథ కాస్తీయ భాషా సాహిత్యానికి తొలి మెట్టు. ఆ గాథలో వచ్చే ఊళ్లను కలుపుతూ బుర్గోస్ నుంచి మధ్యధరా తీరం దాకా, ఎనిమిది ప్రావిన్సుల మీదుగా, దాదాపు 2,000 కిలోమీటర్ల మార్గాన్ని గుర్తించారు. నడిచేవాళ్లకు వేరు, రోడ్డు సైకిళ్లకు వేరు బాటలున్నాయి. ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఊరూరా అందులో ముద్ర వేయించుకోవచ్చు. అంతా ఒకేసారి తొక్కనక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా పూర్తి చేసేవాళ్లే ఎక్కువ.

బుర్గోస్ విడిచి దక్షిణానికి వస్తే కర్ర దూలాల ఇళ్లతో కొవర్రూబియాస్, ఆపైన సాంతో దొమింగో దె సీలోస్. ఇక్కడి మఠంలోని రెండంతస్తుల వసారా రోమనెస్క్ శిల్పానికి కలికితురాయి. స్తంభాల తలల మీద చెక్కిన పక్షులు, తీగలు వెయ్యేళ్ల దరిదాపు పాతవి. 1994లో ఈ మఠం సన్యాసుల లాటిన్ కీర్తనల ఆల్బమ్ ప్రపంచమంతా మారుమోగింది. పొద్దున బయల్దేరిన సైకిల్ మనిషి సాయంకాలం ప్రార్థన వేళకు చేరుకుంటే, అదే గానాన్ని గుడిలో కూర్చుని వినవచ్చు.

ఇంకా దిగితే దువేరో నది, గోర్మాజ్ కోట. పదో శతాబ్దంలో కొర్దోబా ఖలీఫాల సేనాపతి గాలిబ్ దీన్ని బలపరిచాడు. ప్రాకారం చుట్టుకొలత దాదాపు 1,200 మీటర్లు. ఆ రోజుల్లో యూరప్‌లోనే ఇంత పెద్ద కోటలు అరుదు. కింద నది దగ్గర నుంచి చూస్తే కొండ అంచంతా పళ్ల వరుసలా గోడ కనిపిస్తుంది. వంకర్లు తిరిగే చిన్న రోడ్డు మీదుగా ఎక్కి, గుర్రపునాడా ఆకారపు కమాను ద్వారంలో నిలబడితే నది, పొలాలు, దూరపు కొండలు ఒక్క చూపులో పడతాయి. సరిహద్దు కాపలా అంటే ఏమిటో పుస్తకం చదివిన దానికంటే ఇక్కడ బాగా తెలుస్తుంది. ఇంత పెద్ద కోట పేరు మోసే ఊరు మాత్రం కొండ కింద గుప్పెడు ఇళ్లు.

అక్కడి నుంచి అతియెంజా కోట, సిగువెంజా కెథడ్రల్, మొలీనా దె అరగోన్ బురుజులు వరసగా వస్తాయి. ఈ పీఠభూమి వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. చలికాలం ఇక్కడ కఠినం. దగ్గర్లోని కలమోచా ప్రాంతంలో 1963 డిసెంబరులో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు కిందికి పడింది. ఏప్రిల్‌లోనూ పొద్దున్నే చేతులు కొంకర్లు పోతాయి, మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోతుంది.

ఎర్ర గోడల అల్బరాసీన్

ఈ దారిలో తప్పక ఆగాల్సిన ఊరు అల్బరాసీన్. తెరువెల్ పట్టణం నుంచి నలభై కిలోమీటర్ల లోపే. గువదలవియార్ నది ఉంగరంలా చుట్టి వచ్చిన గుట్ట మీద, సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన ఉంది. పదకొండో శతాబ్దంలో బాను రజీన్ అనే బెర్బర్ వంశానికి ఇది రాజధాని. ఊరి వెనక కొండ వీపు మీదుగా పాకే కోటగోడ ఇప్పటికీ ఉంది.

ఇక్కడి గోడల రంగు సున్నానిది కాదు. చుట్టుపక్కల దొరికే ఎర్ర జిప్సం రాయిని కాల్చి పొడి చేసి పూస్తారు. పొద్దుటి ఎండలో గులాబీ రంగుగా, సాయంత్రం ఇటుక రంగుగా కనిపిస్తుంది. వీధులు మరీ ఇరుకు. స్థలం చాలక పై అంతస్తులను దూలాల మీద వీధిలోకి పొడిగించారు. కొన్నిచోట్ల ఎదురెదురు ఇళ్ల చూరులు దాదాపు తాకుతాయి. సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవడం తప్ప గత్యంతరం లేదు, పోవాల్సిన పద్ధతీ అదే.

ఇప్పుడు ఈ ఊళ్లో వెయ్యి మంది దాకా ఉంటారు. ఇది శిథిలం కాకుండా నిలవడం యాదృచ్ఛికం కాదు. 1996లో ఏర్పడిన సాంతా మరియా ఫౌండేషన్ ఇళ్లను, గుడిని, బురుజులను ఒక్కొక్కటిగా బాగుచేయిస్తూ వస్తోంది. పాత జిప్సం పూత, వడ్రంగం, రాతిపని వచ్చినవాళ్లకు ఊళ్లోనే పని దొరికింది. పాత ఇంటిని కాపాడితే మనిషికి బతుకుతెరువు కూడా దొరుకుతుందని ఈ ఊరు రుజువు చేసింది.

ఇనుప ఖనిజం పోయిన దారి

తెరువెల్ నుంచి సముద్రానికి చేరడానికి ఒక చక్కని దారి ఉంది. ఓహోస్ నెగ్రోస్ గనుల్లో ఇనుప ఖనిజం తవ్వి, మధ్యధరా తీరాన సగుంతో రేవుకు చేర్చడానికి గనుల కంపెనీ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో సొంత రైలు మార్గం వేసుకుంది. 1972లో ఆ రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు తీసేసిన ఆ దారిలో దాదాపు 160 కిలోమీటర్లు ఇప్పుడు పచ్చబాట. స్పెయిన్‌లో ఇలాంటి అతి పొడవైన బాటల్లో ఇది ఒకటి.

ఖనిజం నింపుకున్న రైలు నిటారు వాలు ఎక్కలేదు, దిగలేదు. అందుకే ఇంజినీర్లు కొండలను కోసి, సొరంగాలు తవ్వి, వాలును సన్నగా సాగదీశారు. వాళ్ల లెక్క వందేళ్ల తర్వాత సైకిల్ మనిషికి వరమైంది. తెరువెల్ ఎత్తుల నుంచి సముద్రం వైపు పోతుంటే కాళ్లకు పెద్ద శ్రమ ఉండదు. పైన్ చెట్ల వాసన వదిలి, బాదం తోటలు దాటి, చివరికి నారింజ తోటల్లోకి వస్తాం. మధ్యలో హేరికా ఊళ్లో ఇటుకలతో కట్టిన ముదేహర్ గంటల బురుజు ఉంది. ముస్లిం మేస్త్రీల పనితనం క్రైస్తవ గుడులకు ఎక్కిన ఆ శైలికి తెరువెల్ బురుజులు పరాకాష్ఠ. 1986లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

దేశమంతా ఇలా మూతపడ్డ రైలు దారులను పచ్చబాటలుగా మార్చే కార్యక్రమం 1993లో మొదలైంది. ఇప్పటికి 3,000 కిలోమీటర్లు దాటాయి. రోడ్డు మీద బండ్లంటే భయపడేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచి మొదలు లేదు.

రోడ్డు మీద రక్షణ

స్పెయిన్‌లో సైకిల్‌కు రోడ్డు మీద గౌరవం ఉంది. 1935లో ఒక పత్రిక మొదలుపెట్టిన 'వుయెల్తా' సైకిల్ పందెం ఇప్పటికీ ఏటా పల్లెల మీదుగా సాగుతుంది. తొలేదో ప్రాంతం నుంచి వచ్చిన ఫెదెరీకో బహామొంతేస్ 1959లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన మొదటి స్పెయిన్ దేశస్థుడు. నవర్రాలో సేద్యం చేసే ఇంట్లో పుట్టిన మిగెల్ ఇందురాయిన్ 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు గెలిచాడు. ఊరి కుర్రాడు ప్రపంచాన్ని గెలిచిన ఆట కాబట్టి పొలంలో ట్రాక్టరు నడిపే పెద్దాయన కూడా సైకిల్ మనిషిని చూసి చెయ్యి ఊపుతాడు.

చట్టమూ అండగా ఉంది. సైకిల్‌ను దాటే కారు కనీసం మీటరున్నర ఎడం వదలాలి. అందుకోసం రోడ్డు మధ్య చెరగని గీతను దాటినా తప్పు కాదు. ఒక్కో దిశకు రెండు వరుసలున్న రోడ్డు మీదైతే కారు పూర్తిగా పక్క వరుసలోకి మారాలని 2022లో నిబంధన తెచ్చారు. సైకిళ్లు ఇద్దరిద్దరు పక్కపక్కన పోవచ్చు. ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి.

దారి ఎంచుకోవడానికి రోడ్డు నంబరు పలకల రంగు చూస్తే చాలు. నీలం పెద్ద రహదారులది, అటు పోకూడదు. ఎరుపు జాతీయ రోడ్లది. నారింజ, ఆకుపచ్చ ప్రాంతీయ రోడ్లవి. పసుపు స్థానిక రోడ్లది. ఆకుపచ్చ, పసుపు పలకలను కలుపుకుంటూ దారి గీసుకుంటే రోజంతా ప్రశాంతంగా సాగుతుంది.

నీళ్లకు పెద్ద బెంగ అక్కర్లేదు. చాలా ఊళ్లలో చౌకు దగ్గర రాతి తొట్టి, అందులోకి ఆగకుండా నీళ్లు పడే ధార ఉంటాయి. 'నో పొతాబ్లే' అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు. తిండికి వేళ ముఖ్యం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా భోజనం. ఆ వేళకు దుకాణాలు మూసేస్తారు, మళ్లీ తెరిచేది ఐదింటికి. రొట్టె, తాగడానికి ఏదైనా, రెండు వడ్డనలు, చివర తీపి కలిపి ఒకే ధరకు పెట్టే రోజు భోజనం 1960ల నుంచి వస్తున్న ఆనవాయితీ. వలెన్సియా వైపు పొద్దున పదింటికి 'అల్ముయెర్సో' అని ఒక పూట తింటారు. పొడవాటి రొట్టెలో ఆమ్లెట్టో మాంసమో పెట్టి, పక్కన వేరుశనగలు, ఆలివ్‌లు. ఆదివారాలు స్థానిక సైకిల్ బృందాలన్నీ ఆ బల్లల దగ్గరే కలుస్తాయి.

మనం ఆగితే ఊరికి ఏమవుతుంది

సైకిల్ మనిషికీ కారు మనిషికీ ఒక తేడా ఉంది. కారులో పోయేవాడు కోట చూసి, ఫొటో తీసుకుని, పూట తిరక్కుండానే నగరం చేరిపోతాడు. సైకిల్ మనిషికి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, చీకటి పడితే గది కావాలి. అరవై డెబ్బై కిలోమీటర్లు దాటి పోలేడు కాబట్టి ఎక్కడో ఒక చిన్న ఊళ్లో ఆగాల్సిందే. అతని బలహీనతే ఊరికి లాభం.

చిన్న ఊళ్లలో 'బార్' అంటే తాగే చోటు మాత్రమే కాదు. పొద్దున కాఫీ అక్కడే, రొట్టె బండివాడు దింపిపోయిన రొట్టెలు అక్కడే, పేకాట అక్కడే. ఒంటరిగా ఉండే ముసలావిడ రెండ్రోజులుగా కనిపించలేదేమని ఎవరో ఒకరు అడిగేదీ అక్కడే. బడి, రైలు, దుకాణం పోయిన ఊళ్లో ఆఖరికి మిగిలేది అదే. అదీ మూతపడితే ఊరికి కలుసుకునే చోటు ఉండదు. రోజుకు నలుగురైదుగురు సైకిల్‌వాళ్లు ఆగి కాఫీ, ఆమ్లెట్టు తీసుకుంటే నగరంలో అది లెక్కలోకి రాదు. ఇరవై ఇళ్ల ఊళ్లో ఆ బార్ తెరిచి ఉండాలా వద్దా అన్నది ఆ కొద్ది ఆదాయం మీదే ఆధారపడవచ్చు.

సైకిల్ పర్యాటకంతో పల్లెల గోడు తీరిపోతుందని ఎవరూ అనలేరు. డాక్టరు కావాలి, ఇంటర్నెట్ కావాలి, పడుచువాళ్లకు ఏడాది పొడవునా పని కావాలి. అవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, తెరువెల్ జనం అడుగుతున్నవీ అవే. అయితే వాటి కోసం పోరాడేవాళ్లు ఊళ్లోనే నిలబడి ఉండాలంటే బార్ తలుపు తెరిచి ఉండాలి, నాలుగు గదుల బస నడవాలి. ఆ పని మనం చేయగలం.

అందుకే వెళ్లే నెల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. ఆగస్టులో వెళ్లకండి. అప్పుడు నగరాలకు పోయిన పిల్లలు, మనవలు పండగలకు ఊరికి తిరిగొస్తారు. గదులు దొరకవు, దక్షిణాన ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ నెల ఊరికి మన అవసరమూ లేదు. ఏప్రిల్, మే నెలల్లో గోధుమ పచ్చగా ఉంటుంది, దారి పక్కన గసగసాల పూలు ఎర్రగా పూస్తాయి. సెప్టెంబరు చివర, అక్టోబరులో ద్రాక్ష కోతలు సాగుతాయి. తొక్కడానికి వాతావరణం అన్నివిధాలా అనుకూలం. బార్ యజమాని గిరాకీ కోసం ఎదురుచూసేదీ ఆ నెలల్లోనే. ఉదయం ఒక ఊళ్లో కాఫీ, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో భోజనం, రాత్రికి మూడో ఊళ్లో బస అని పటం మీద ముందే గుర్తు పెట్టుకుని బయల్దేరండి. తినాల్సింది సంచిలో మోసుకుపోకుండా ఆ ఊళ్లలోనే కొనండి.